బైపాస్ మీద ఎత్తిన చెయ్యి

రాకేశ్ చెయ్యెత్తాడు. బ్రేకు మాత్రం వేయలేదు.

జహీరాబాద్ బైపాస్ పక్కన, వాళ్ల ఇంటికి దగ్గర్లో, అతని భార్య నందిని నిలబడి ఉంది. ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తింది. అరచెయ్యి విప్పి చూపిస్తోంది. అతను ఈ దారిన పోయిన ప్రతిసారీ వచ్చి చెయ్యెత్తడం ఆమెకు అలవాటే. ఎదురుగాలి అప్పుడే తగ్గింది. కాళ్లు హుషారుగా ఉన్నాయి. రాకేశ్ నవ్వి, బొటనవేలు చూపించి, గేరు మార్చి దూసుకుపోయాడు.

అది ఆరువందల కిలోమీటర్ల సైకిల్ పందెం. పటాన్‌చెరులో బయలుదేరి, షోలాపూర్ దాకా పోయి, గడువులోపల తిరిగి రావాలి. చిన్న పందేలన్నీ ఆ ఏడాది పూర్తి చేశాడు. ఇదొక్కటీ అయితే పతకం చేతికొస్తుంది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజర్. ఈ సెలవు కోసం తోటి ఉద్యోగి పాండు చేయాల్సిన నైట్ షిఫ్టులన్నీ నెలంతా రాకేశే చేశాడు. పగలు నిద్ర, సాయంత్రం కోహీర్ దాకా సాధన, మళ్లీ డ్యూటీ. ఇంట్లో వాళ్లకు అతని చెమట బట్టలు తప్ప ఏమీ మిగల్లేదు.

నందినికి ఆరో నెల. ఇంతకుముందు ఒక గర్భం నిలవలేదు. ఈసారి కదలకుండా ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముందు రోజు రాకేశ్ సైకిల్ తుడుస్తుంటే తల్లి దేవమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"గా సైకిల్‌కే పుస్తె కట్టకపోయినవురా? మాకు గీ తిప్పలు తప్పుతుండె."

"రెండు దినాలే అమ్మా. మళ్ల పోను."

నందిని అతని సీసాల్లో నీళ్లు నింపి పెట్టింది.

ఆ పందెంలో ఒక నియమం ఉంది. కంట్రోల్ పాయింట్ అనే మజిలీల్లో తప్ప, దారిలో సొంతవాళ్ల సాయం తీసుకోకూడదు. కిందటేడు ఇదే బైపాస్ మీద నందిని జొన్నరొట్టె, మజ్జిగ తెచ్చి అతన్ని ఆపింది. ఆకలి మీదున్నాడు, దిగి తిన్నాడు. వెనక వస్తున్న పరిశీలకుడు చూసి పేరు కొట్టేశాడు. రాకేశ్ ఇంటికొచ్చి అరవలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు ఒకటే చెప్పాడు. ఏమైనా సరే, రోడ్డు మీద తనను ఆపొద్దు. చూడాలనిపిస్తే దూరం నుంచి చెయ్యెత్తితే చాలు.

అప్పటి నుంచి ఆమె అంతే చేస్తోంది.

హుమ్నాబాద్ కంట్రోల్‌లో కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. కార్డు కోసం వీపు జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవుల గుత్తి తగిలింది. ఇంటిది, కారుది. పొద్దున అలవాటు కొద్దీ వేసుకుని వచ్చేశాడు.

కార్డు బల్ల మీద పెట్టి, ఆ సంగతి చెబుదామని సంచిలోంచి ఫోన్ తీశాడు. పందెంలో దాన్ని సైలెంట్‌లో పెట్టి పడేస్తాడు. తెర నిండా అమ్మ పేరు. మధ్యమధ్య పక్కింటి ప్రేమ్‌సాగర్ పేరు.

ప్రేమ్‌సాగర్ ఫోన్ ఎత్తి జరిగింది చెప్పాడు. పొద్దున నందినికి రక్తం పోయింది. ఇంటి ముందు కారుంది. నడపడానికి తనున్నాడు. చాబీ లేదు. తను ఆటో కోసం బస్తీలోకి ఉరికాడు. దేవమ్మ ఇంట్లో రెండో చాబీ వెతుకుతూ ఉండిపోయింది. ఆయన ఇప్పుడు ఇటే వస్తాడు, చాబీ ఆయన దగ్గరే ఉంటుంది అని నందిని ఒక్కతే రోడ్డు దాకా నడిచింది. చివరికి మార్కెట్‌కు పోయే ట్రాలీ ఆటో దొరికితే, అల్లం బస్తాల మీద పడుకోబెట్టి తీసుకుపోయారు.

"ఇప్పుడెట్లుంది?"



"నువ్వైతే రారా," అన్నాడు ప్రేమ్‌సాగర్.

ముద్ర వేసిన కార్డు బల్ల మీదే ఉంది. సైకిల్ గోడకు ఆనించి ఉంది. రాకేశ్ రోడ్డు మీదికి ఉరికి హైదరాబాద్ పోయే లారీ ఆపాడు. వచ్చిన దారే. అతను చెమటోడ్చి తొక్కిన దూరమంతా కళ్ల ముందు నుంచి వెనక్కి పోతుంటే తాళంచెవులు పిడికిట్లో బిగించుకుని కూర్చున్నాడు. బైపాస్ దగ్గర నందిని నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది.

దవాఖాన వరండాలో దేవమ్మ నేల మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"పిల్లగాడురా. దక్కలే," అని మాత్రం అన్నది.

లోపల నందిని కళ్లు తెరిచే ఉంది. రాకేశ్ మంచం పక్కన నిలబడ్డాడు.

"ఒక్క కేక ఏస్తే ఆగకపోదునా? ఎందుకు పిలువలే?"

"ఆపొద్దన్నవ్ గద." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "మళ్ల రొట్టె తెచ్చిననుకుంటవేమోనని ఉత్త చెయ్యి చూపెట్టిన. ఉత్త చెయ్యి జూస్తే ఆగుతవనుకున్న."

రాకేశ్ పిడికిలి విప్పి తాళంచెవుల వైపు చూశాడు.

"యాడిదాంక పోయినవ్?" అని అడిగింది.

"హుమ్నాబాద్."

"మస్తు దూరం పోయినవ్," అని గోడవైపు తిరిగింది.

ఆమె జడకు అల్లం బస్తాల ఎర్రమన్ను అంటుకుని ఉంది. దులుపుదామని రాకేశ్ ముందుకు వంగాడు. నందిని ఇటు తిరగకుండానే చెయ్యెత్తింది.

ఈసారి ఆగాడు.