పీట మోసిన ఫొటోగ్రాఫర్

బెంగాల్‌లోని కృష్ణనగర్‌లో ఒకప్పుడు ఫొటోగ్రాఫర్ నిరాపద పాల్‌కి తీరికెప్పుడో చూసుకుని పెళ్లి ముహూర్తాలు పెట్టించుకున్న ఇళ్లున్నాయి. ఇప్పుడు ఆయన్ని పెళ్లికి పిలవడమే దయతలచినట్టు. పెళ్లికూతురు ఝిమ్లి పెదనాన్న శ్యామాచరణ్ బేరం అలాగే మొదలెట్టాడు. ఇంటినిండా ఫోన్లున్నాయి, ఫొటోలకేం కొదవలేదు, నువ్వు శుభదృష్టి ఒక్కటీ తీసిపో, సగం డబ్బిస్తానన్నాడు. నిరాపదకు ఒళ్లు మండింది. అయినా ఒప్పుకున్నాడు. వధూవరులు మొదటిసారి చూపులు కలిపే ఆ క్షణాన్ని ఊళ్లో తనలా ఎవరూ తీయలేరన్నదొక్కటే ఆయనకు మిగిలిన గర్వం. ఝిమ్లి తల్లి పెళ్లిలో ఆయన తీసిన ఫొటో ఇప్పటికీ వాళ్ల ముందుగదిలో వేలాడుతోంది. ఈసారి అది చేజారితే కెమెరా అమ్మేసి, బావమరిది మిఠాయికొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానని భార్యతో చెప్పి మరీ వచ్చాడు.

లగ్నం వేళకు వరుడు తోపొర్ అనే తెల్లని పెళ్లి కిరీటం నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఝిమ్లి ముఖానికి తమలపాకులు అడ్డం పెట్టుకుని పీట మీద కూర్చుంది. ఆ పీటను అన్నదమ్ములు నలుగురూ ఎత్తి వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పాలి. ఎత్తారు, కాకపోతే ఒంటిచేత్తో. రెండో చేతిలో ఫోను. పెదనాన్న కొడుకు బుబాయ్ తన మొహం కూడా వీడియోలో పడాలని మెడ తిప్పేసరికి పీట ఓ పక్కకు ఒరిగింది. నిరాపద ఒక్క గెంతు గెంతి ఆ మూల పట్టుకున్నాడు. బుబాయ్ హాయిగా చేయి వదిలేసి పక్కకు తప్పుకుని వీడియో తీసుకోసాగాడు.

ఇక వదిలితే పిల్ల కిందపడుతుంది. చుట్లు పూర్తయ్యాయి, శంఖం మోగింది, ఆకులు దించమ్మా అన్నాడు పురోహితుడు. నిరాపద రెండు చేతులూ పీట కిందే. కెమెరా మెడలో వేలాడుతోంది. చుట్టూ ఫోన్లు లేచాయి. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

ఝిమ్లి మాత్రం ఆకులు దించలేదు.

"నిరాపద కాకు ఎక్కడ?" అంది. చిన్నప్పట్నుంచీ ఆయన్ని బాబాయి వరస పెట్టి కాకు అనే పిలుస్తుంది.

"నీ పీట కిందే ఉన్నానమ్మా."

"అక్కడేం పని నీకు? ముందుకు రా. నువ్వు కెమెరా ఎత్తేదాకా నేను ఆకులు దించను. అమ్మ ఫొటో చూస్తూ పెరిగాను, నాకూ అలాంటిదే కావాలి."

లగ్నం దాటిపోతోందని శ్యామాచరణ్ కసిరాడు.

"అయితే నువ్వొచ్చి పట్టుకో జెఠూ," అంది ఝిమ్లి పెదనాన్నతో.

"కాస్త తొందరగా జెఠూ," అన్నాడు వరుడు వినయంగా. "నేనూ ఇంకా చూళ్లేదు."

పందిరంతా ఘొల్లున నవ్వింది. శ్యామాచరణ్ ఫోను జేబులో పడేసి, ధోవతి ఎగ్గట్టి పీట మూల అందుకున్నాడు. బరువు తెలిసొచ్చాక మిగతా ముగ్గురినీ తిట్టి, వాళ్ల ఫోన్లూ జేబుల్లో పెట్టించాడు. నిరాపద కెమెరా ఎత్తాడు. ఆకులు దిగాయి. ఝిమ్లి పొంగుకొచ్చే నవ్వు ఆపుకుంటోంది, వరుడు రెప్ప వేయడం మరిచిపోయాడు. ఆ క్షణం నిరాపదకు దొరికింది.

భోజనాల దగ్గర శ్యామాచరణ్ నడుం పట్టుకుంటూ వచ్చి, ఆ ఫొటో పెద్దది చేయించమనీ, ఈసారి బేరమాడననీ చెప్పి వెళ్లాడు. ఆ వెనకే బుబాయ్ వచ్చి తన వీడియో చూపించాడు. అందులో నిరాపద చెమటలు కక్కుతూ, పళ్లు బిగించి పీట మోస్తున్నాడు. ఇన్నేళ్లలో ఇన్ని పెళ్లిళ్లు తీశాడుగాని, ఒక్కదాంట్లోనూ ఆయన పడలేదు. చూస్తుంటే చిన్నపిల్లాడిలా సంబరమేసింది.

"నాకు పంపరా. మీ కాకీకి చూపిస్తాను."

"ఊరికే పంపను కాకూ. నీకు గనక సగం రేటు."

నిరాపద చేపముక్క ముల్లు తీసుకుంటూ తలెత్తాడు.

"సగం రేటుకి పని చేయకూడదురా. పూర్తిది చెప్పు."