నాలుగింటికి వచ్చిన కాగితం

ఆగస్టు పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం గవర్నరు గారు రెండు ఉడికించిన గుడ్లూ, నాలుగు దోసకాయ ముక్కలూ తిన్నారు. ఉప్పు తక్కువైంది, అడగలేదు. నాలుగింటికి ఆనకట్ట దగ్గరి ఇంజనీరమ్మ పంపిన కాగితం బల్ల మీదికి వచ్చింది. ఎగువన వాన ముసురుకుంది, ఈ సాయంత్రం నుంచే గేట్లు కొద్దికొద్దిగా ఎత్తాలి, మీ సంతకం కావాలి అని అందులో ఉంది. ఆయన చదివి, మడిచి, కళ్లద్దాల పెట్టె కింద పెట్టారు.

ఏ కాగితమైనా ఒక రాత్రి నానాలన్నది ఆయన పద్ధతి.

పొలం నేర్పిన పద్ధతి అది. ఇరవయ్యో ఏట తొందరపడి నానబెట్టని విత్తనం చల్లి, ఆ పంటకాలమంతా బోసి మడి చూస్తూ గడిపారు. రైతుల సంఘానికి పెద్ద అయ్యాక, ఎరువుల కొనుగోలు కాగితం ఒక రాత్రి ఆపితే, తెల్లారేసరికి ఆ బస్తాల్లో సగం బూడిదని తేలింది. ఆ రాత్రి పుణ్యమే ఆయన్ని శాసనసభకు పంపింది. గవర్నర్లను జనమే ఎన్నుకునే రాష్ట్రం అది; పదిహేనేళ్ల తర్వాత ఓట్లేసి ఆయన్నే గెలిపించారు. పత్రికలవాళ్లు ‘నానబెట్టే గవర్నరు’ అని వెక్కిరిస్తే, “నానితేనే కదయ్యా మొలకొచ్చేది” అని నవ్వేసేవారు.

ఇంట్లో మాత్రం ఆ పద్ధతి సాగేది కాదు. సాయంత్రాలు భార్య బల్ల దగ్గరికొచ్చి కాగితాలు తిరగేసేది. “ఇది విత్తనం కాదండీ, పాలు. రేపటికి విరిగిపోతుంది. పెట్టండి సంతకం” అనేది. ఆయన పెట్టేవారు.

ఆవిడ పోయి రెండేళ్లు.

తెల్లారేసరికి నది ఎవరి మాటా వినే స్థితిలో లేదు. గేట్లన్నీ ఒక్కసారే ఎత్తాల్సి వచ్చింది. దిగువన ఎదిగొచ్చిన పైరంతా కొట్టుకుపోయింది. మనుషులు మాత్రం బడి డాబాలెక్కి బతికారు. ఒక ముసలమ్మ కోళ్లగంప కూడా ఎక్కిస్తేనే పడవెక్కుతానని పంతం పట్టి, గంపతో సహా ఒడ్డున పడింది. ఆ వార్త మటుకు గవర్నరు గారు రెండుసార్లు చదివారు.

పదిరోజులు గడిచాయి. విచారణ మర్నాడనగా, సాయంత్రం కార్యదర్శి వచ్చి గొంతు తగ్గించాడు.

“కాగితం మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అందిందని మనవాళ్లు చెప్తారు సార్. ఆవిడే ఆలస్యంగా పంపిందని తేలుతుంది. మహా అయితే ఉద్యోగం పోతుంది. చిన్న వయసు, ఇంకోటి చూసుకుంటుంది. మీరు అవుననక్కర్లేదు, ఊరుకుంటే చాలు.”

ఆ మాటలు పక్కగదిలో ఎవరో ఎవరితోనో అంటున్నట్టు వినిపించాయి ఆయనకు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. కార్యదర్శి దాన్ని ఒప్పుదల కిందే తీసుకుని బయటికెళ్లాడు.

అతను అటు వెళ్లగానే ఇటు దిగువ ఊళ్లో సేద్యం చేసే తమ్ముడొచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలినా, పాదాలకు ఎండిన బురద అలాగే ఉంది. సోఫా అంచున కూర్చున్నాడు.

“ఎలా ఉంది?” అన్నారు గవర్నరు గారు.

“ఏముంది, ఊడ్చిపెట్టుకుపోయింది. ఎద్దులు దక్కాయి. అది సరేగానీ అన్నయ్యా, గేట్లు ఆలస్యంగా ఎత్తిన ఆ ఇంజనీరమ్మని వదలొద్దు. మన ఊరివాళ్లు ఆవిడ ఇంటి అద్దాలు పగలగొట్టారు. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయిందట. పోనీ, మన ఉసురు ఊరికే పోతుందా?”

“కాగితం నాలుగింటికే వచ్చిందిరా.”

“ఏ కాగితం?”

“గేట్లది. ముందురోజు సాయంత్రం నాలుగింటికి. నేనే పక్కన పెట్టాను.”

తమ్ముడు భుజం మీది తువ్వాలు తీశాడు.

“పెళ్లికి కూడా ఒక రాత్రి ఆగి ఒప్పుకున్నావు,” అన్నాడు. “వదిన ఆ రాత్రంతా ఏడ్చిందట. చెప్పి నవ్వేది.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నదే వస్తుంటే ఇంకేం నానబెడతావు అన్నయ్యా? కొంప ముంచావు కదా.”

“ముంచాను.”

“రేపు ఆ మాట చెప్తే ఈ కుర్చీ ఉండదు.”

“ఉండదు.”

“మరి ఊళ్లో నీకు చూపించడానికి పొలం కూడా లేదు. ఇసుక మేటే.” పాదాల బురద చూసుకున్నాడు. “సరే, ఉన్నదున్నట్టు రాసిచ్చెయ్యి. ఆ పిల్ల ఏం పాపం చేసింది?”

గవర్నరు గారు తెల్లకాగితం తీసుకున్నారు. తేదీ, నాలుగు గంటలు, తన పొరపాటు, తన రాజీనామా. ఆరు వాక్యాలు. కార్యదర్శిని పిలిచి చేతికిచ్చారు. అతను చదివి నీరుగారిపోయాడు.

“రేపు పొద్దున మాట్లాడుకుందాం సార్.”

“ఇప్పుడే పంపండి. ఆవిడ పుట్టింటికి ముందు ఫోను చేయించండి.”

అతను వెళ్లాడు. ఏమైనా అనిపిస్తుందేమోనని గవర్నరు గారు కాసేపు కాచుకున్నారు. బరువు దిగినట్టూ లేదు, దుఃఖమూ రాలేదు. కుడిచెయ్యి మాత్రం కాస్త చల్లగా ఉంది.

తలెత్తేసరికి తమ్ముడు సోఫాలోనే ఒరిగి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, చిన్నప్పటి గురకే. సోఫా తెల్లటి గలేబుకు బురద అంటింది.

బంట్రోతు లోపలికొచ్చాడు. బురద చూశాడు. దుప్పటి తెచ్చి ఆ కాళ్ల మీద కప్పాడు.

“మీరూ ఆ కుర్చీలోనే పడుకుంటారా అయ్యా?”

“ఇక్కడే ఉంటాను.”

బంట్రోతు పెద్ద దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్లాడు.