తొమ్మిది అంగుళాల గుమ్మం

ఆదివారం పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని అన్నయ్య గది గుమ్మం కొలవడం. కాఫీ అయినా ఆ తర్వాతే. వారంలో ఆరు రోజులు ఫ్యాక్టరీ గేజు రూములో కూర్చుని పంపుల షాఫ్టులు కొలిచే మనిషి ఏడో రోజైనా చేతికి సెలవివ్వొచ్చు కదా అని వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. పాతవాళ్లకి సంగతి తెలుసు. పొడుగాటి వెర్నియర్ కొలబద్ద తెరిచి కింద, నడుమ, పైన ఆనించి చూసి, పక్క గోడ మీద పెన్సిలుతో అంకె వేస్తుంది.

“ఎంతుందే చిట్టీ?” అని లోపల్నుంచి అడుగుతాడు అన్నయ్య.

“తొమ్మిదీ పావు. పోయిన వారం మీద పది వెంట్రుకలు తగ్గింది.”

“పోన్లే. రేపు బయటికొచ్చేస్తాగా.”

“పదకొండు,” అంటుంది ఆమె, అంకె దిద్దుతూ.

అతను రేపు వస్తానన్నప్పుడల్లా ఆ గుమ్మం ఒక వెంట్రుక మందాన దగ్గరపడుతుంది. పన్నెండేళ్ల కిందట అతనికి యాభై సీసీ బళ్ల రేసుల్లో మంచి పేరుండేది. ఓ మలుపులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు మూడు నెలల్లో బాగైంది, భయం బాగవలేదు. ఇక లేచి తిరగవయ్యా అని డాక్టరు అంటే, రేపటి నుంచి అన్నాడు. అప్పటికి గుమ్మం ముప్ఫై అంగుళాలు. రోజుకి ఒకటో రెండో రేపుల చొప్పున ఇక్కడిదాకా వచ్చింది. పక్కింటి వడ్రంగి తలుపు రెక్కని ఎన్నిసార్లు చిత్రిక పట్టి గుమ్మానికి సరిచేశాడో లెక్కలేదు. తాపీమేస్త్రీ ఓసారి గోడ పగలగొట్టి వెళితే, తెల్లారేసరికి అది ఎప్పటిలాగే నిలబడి ఉంది. పాపం అతను మొహం మాడ్చుకుని మళ్లీ ఆ వీధి తొక్కలేదు.

గదిలో ఊచల కిటికీ ఉంది, స్నానాలగది ఉంది, గుమ్మం వెడల్పుగా ఉన్న రోజుల్లో తెప్పించుకున్న, ఇనుము చెక్కే చిన్న లేత్ ఉంది. మనిషికి ఇంకేం కావాలి అంటాడు అన్నయ్య, కూర్చుని కూర్చుని పెంచిన పొట్ట నిమురుకుంటూ. గడప దాటి చిటికెన వేలైనా బయట పెట్టడు.

కావలసిందల్లా చెల్లెలే. ఆర్నెల్లుగా కంచం పట్టక డబ్బాలో అన్నం పెడుతోంది. అది తీసుకుని, ఊపిరంతా వదిలేసి, పక్కకి తిరిగి లోపలికి జరుగుతుంది. ఆమె సన్నటి మనిషి. ఎంత సన్నటిదైనా ఇంకో అర అంగుళం తగ్గితే పట్టదు, అంటే మూడున్నర నెలలు. ఆ రోజుకి తను లోపల ఉంటే ఇక లోపలే, బయట ఉంటే అన్నయ్య ఒంటరి. ఈ లెక్క ఆమె ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చింది.

ఇలాంటప్పుడే కాగితం వచ్చింది. కంపెనీవాళ్లు సముద్రం పక్క ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టారు, అక్కడి గేజు రూముకి ఆమెని హెడ్డుగా వేశారు. ఇంతకుముందు రెండుసార్లు పిలిస్తే ఇంట్లో వీలుపడదని రాసిచ్చింది. “ఇదే ఆఖరుసారమ్మా. సోమవారం చేరకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు,” అన్నాడు మేనేజరు. కొత్త గదికి రెండు రెక్కల తలుపులని ఎవరో అనగా విని, ఆమెకి రెండు రోజులు అన్నం సయించలేదు.

అన్నయ్యకి చెప్పలేదు. వడ్రంగి బాబాయ్‌కి చెప్పింది.

“వెళ్లవే అమ్మాయ్. డబ్బా నేనందిస్తా,” అన్నాడు ఆయన.

“డబ్బా ఒక్కటేనా బాబాయ్? ఆ బండి సంగతేంటి?”

బండి సంగతి రెండేళ్ల నాటిది. తను రేసుల్లో నడిపిన పాతకాలపు యాభై సీసీ బండి లాంటిదే కట్టాలని అన్నయ్యకి పట్టుదల వచ్చింది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఆ మోడలు ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి తేవడం చెల్లెలి వంతు. ఫ్రేము పాత ఇనప కొట్టులో దొరికింది. ఇంజను పొలాల్లో మందు కొట్టే పంపుకి తగిలించి ఉంది. పెట్రోలు ట్యాంకు ఓ పెరట్లో కోళ్లకి నీళ్ల తొట్టయి కూర్చుంది. కోళ్లకి ఇంకో తొట్టి కొనిచ్చి దాన్ని సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. పిస్టను అతనే లేత్ మీద తీశాడు, ఆమె మిల్లీమీటరులో నూరోవంతు దాకా కొలిచి పెట్టింది. కొలత కుదిరిన రోజున ఇద్దరూ గుమ్మం సంగతి మరిచిపోయేవారు.

“కాస్త ఎక్కి వంగవే,” అనేవాడు అన్నయ్య. “నా వీపు నాకు కనపడదుగా. నిన్ను చూస్తే తెలుస్తుంది.”

ఆమె ఎక్కి ట్యాంకు మీద గడ్డం ఆనించేది. అతను చుట్టూ తిరుగుతూ మోకాలి దగ్గరో సుద్దగీత, మోచేతి దగ్గరో సుద్దగీత పెట్టేవాడు. సీటు ఎక్కడుండాలో, ఫుట్‌రెస్టులు ఎంత వెనక్కి జరగాలో అలాగే తేల్చారు. బండి ఎవరి ఒంటికి కుదురుతోందో రెండేళ్లు ఇద్దరికీ తట్టలేదు.

శనివారం సాయంత్రం ఆఖరి నట్టు బిగించి అతను ఎక్కాడు. పొట్ట ట్యాంకు మీద పడింది, మోకాళ్లు హ్యాండిళ్లకి కొట్టుకున్నాయి. దిగి, మళ్లీ ఎక్కి చూశాడు. ఎంత ముడుచుకున్నా అంతే.

“ఓసి నీ! ఇన్నాళ్లూ నీకు కుట్టామటే ఈ చొక్కా!” అని పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది.

తుడుచుకుంటూ వంగినప్పుడు ఇంజను అతుకు దగ్గర నీలం అంచు కనిపించింది. కంపెనీ ముద్ర రంగది. చేతిసంచిలో కాగితం ఉండి కవరు ఎందుకు లేదో అప్పుడర్థమైంది. ఆ మందపాటి కవరుని కత్తిరించి ఇంజను రెండు ముక్కల మధ్య ప్యాకింగు వేశాడు. కవరు చూసినవాడు కాగితం చదవకుండా ఉంటాడా? అతను గుడ్డతో ట్యాంకు తుడుస్తూ కూర్చున్నాడు.

“హ్యాండిలు మరీ రెండు వేళ్ల మేరే తిరుగుతోంది అన్నయ్యా. దానికి తగిలే ఆ అడ్డు కాస్త ఆకురాయితో అరగదీద్దామా?”

“ఉండనీ. రేసుబండికి వెనక్కి తిరిగే పనేముంది?”

మర్నాడు ఆదివారం. రేసుబండికి కిక్కు ఉండదు, పరుగెత్తి తోసి క్లచ్ వదలాలి. పన్నెండడుగుల గదిలో పరుగెక్కడిది? హ్యాండిళ్లు, ఫుట్‌రెస్టులు విప్పి బండిని గుమ్మానికి ఎదురుగా పెట్టారు. బయటి నుంచి వడ్రంగి బాబాయ్ లాగాడు. ఇంజను మూత కాస్త రాసుకుంది గానీ వచ్చేసింది. వెనకాలే ఆమె ఊపిరి వదిలి పక్కకి జరిగింది. జాకెట్టు గుండీ ఒకటి తెగి లోపలే పడిపోయింది.

“సంచి భుజాన తగిలించుకో,” అంటూ గడప దాకా జరిపాడు అన్నయ్య. “ప్లగ్గు స్పానరు అందులో పెట్టా.”

సంచి స్పానరుకి మించి బరువుగా ఉంది. తెరిచి చూస్తే కాగితం ఉంది, రెండు జతల బట్టలున్నాయి, అడుగున పెట్టెతో సహా ఆమె వెర్నియర్ ఉంది. ఇవాళ ఎవరూ గుమ్మం కొలవలేదని అప్పుడు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచి అతను రేపు అన్న మాట కూడా అనలేదు.

బాబాయ్ విప్పినవన్నీ బిగించాడు. అన్నయ్య కిటికీ దగ్గరికొచ్చి ఊచలకి మొహం ఆనించాడు.

“ఎంతదూరం పోను?” అందామె.

“నాకు వినపడేంత దూరం. ఊపందుకున్నాక దీని గొంతు మారుతుంది చూడు, అది వినాలి నేను. ఊఁ కానీయ్, పరుగెత్తు. ఇంకా... ఇంకా... వదులు క్లచ్చు!”

బండి రెండు దగ్గులు దగ్గి అందుకుంది. ఆమె ఎక్కి వంగితే ఎక్కడి చెయ్యి అక్కడ కుదిరింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. చివర సందు మలుపులో వెనక్కి తిప్పబోయింది. హ్యాండిలు రెండు వేళ్ల మేర తిరిగి టక్కున అడ్డుకి తగిలి ఆగింది. దిగి, వెనక చక్రం ఎత్తి తిప్పితే తిరుగుతుంది. దిగాలా అనుకుంటూ తలతిప్పి చూసింది.

కిటికీ ఊచల్లోంచి మోచేతి దాకా ఒక చెయ్యి బయట ఉంది. పన్నెండేళ్లుగా ఎండ తగలని చెయ్యి. అది రమ్మని పిలవడం లేదు. గుప్పిట పట్టి, మణికట్టు మీద గాలిలో యాక్సిలేటరు తిప్పుతోంది.

ఆమె ఏడుస్తూనే యాక్సిలేటరు తిప్పింది. నిజంగానే బండి గొంతు మారింది.

సోమవారం సాయంత్రం రెండు రెక్కల తలుపులున్న కొత్త గేజు రూములో ఆమె వెర్నియర్ని బల్ల సొరుగులో సర్దుకుంటుంటే ఫోను మోగింది.

“డబ్బా ఇచ్చావా బాబాయ్?”

“ఇచ్చా. తీసుకోడానికి భుజం దాకా బయటికొచ్చాడు.”

“రేపొస్తానన్నాడా?”

“లేదు. ఇవాళ కూరలో ఉప్పెక్కువైందన్నాడు. అది కాదు గానీ అమ్మాయ్, ఆ తలుపు వదులైపోయింది. మూస్తే సందులోంచి వెలుతురొస్తోంది. కొత్త రెక్క చెయ్యాల్సొచ్చేలా ఉంది. ఎంత చెక్క తెమ్మంటావ్? పది అంగుళాలు చాలా?”

ఆమె వెర్నియర్ పెట్టిన సొరుగు మూసేసింది.

“ముప్ఫై తే బాబాయ్,” అంది.