ఒక్కటే దించిన గేటు

ఇంగ్లండులో మా టిప్టన్ ఊరి ఇనుప ఫౌండ్రీల్లో, చెయ్యాల్సిన వస్తువు బొమ్మ గీసిన కాగితం మూలన పెన్సిలుతో ఒక లెక్క రాస్తాం. కొయ్య నమూనాతో ఇసుకలో అచ్చు తీసి ఎన్ని ఇనుప పోతలు దించాలన్నదే ఆ లెక్క. ‘ఇరవై ఆఫ్’ అంటే ఇరవై దించమని. ‘వన్ ఆఫ్’ అంటే ఒకటి దించి ఆపమని. ఇప్పుడు లండన్ వాళ్లు సాటిలేని మనిషిని పొగడడానికి ఆ మాటే వాడుతున్నారట. మాకు మాత్రం అది గిట్టని బేరం. నమూనా ఖర్చంతా ఒక్క పోత మీదే పడుతుంది.

బీరు వ్యాపారి క్రంప్టన్ తన ఇంటి గేటుకు ‘వన్ ఆఫ్’ రాయించాడు. అలాంటిది ఇంకో వాకిట్లో ఉండకూడదట. పోత దిగాక నమూనాను తన కళ్లముందే నరకాలన్నాడు.

మా నమూనాల వడ్రంగి జేబెజ్ దాన్ని పదకొండు వారాలు చెక్కాడు. అతనికి అరవై రెండేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. వృత్తిబడిలో మాస్టారు ఉద్యోగం ఉందని, శుక్రవారం తన పనితనం ఏదైనా పట్టుకు రమ్మన్నారని బుధవారం నా దగ్గరికొచ్చాడు. నలభై ఏళ్లుగా అతను చేసిన నమూనాలన్నీ డబ్బు కట్టినవాళ్ల సొత్తే, చూపడానికి తన దగ్గర ఒక్కటీ లేదు.

“ఓనరుగారూ, రెండంటే రెండు రోజులు ఆపించండి. చూపించి తెచ్చి నేనే నరికేస్తా.”

“క్రంప్టన్ రేపే వస్తున్నాడయ్యా.”

“నేను చేరకముందు ఎవరో చేసిన పాత గేటు నమూనా ఒకటి పడుంది. రంగేసి దాన్ని నరికేద్దాం. ఆ బీరుపీపాకి తేడా తెలిసి చస్తుందా?”

“నురగలో బుడగలు లెక్కపెట్టే రకం వాడు. తెలిస్తే?”

“నా మీదకు తోసెయ్యండి. ముసలోడు తాగి చేశాడనండి.”

“నువ్వు తాగవు కదయ్యా!”

“అది మీకు తెలుసు. ఆయనకేం తెలుసు?”

నవ్వాను. కానీ బీరు కార్ఖానాకు కావలసిన రెండు వందల మురుగుకాలువ జాలీల ఆర్డరు క్రంప్టన్ జేబులో ఉంది, సంతకం కాకుండా. జేబెజ్ ఉద్యోగాన్ని దానితో తూచి, కుదరదన్నాను.

గురువారం జేబెజే గొడ్డలి పట్టాడు. పరాయివాడి చెయ్యి పడనివ్వనన్నాడు. క్రంప్టన్ ముక్కల్ని బూటుతో కదిపి చూసుకుని సంతకం పెట్టాడు.

సోమవారం జేబెజ్ పనిలోకి వచ్చాడు.

“ఏమయింది?” అన్నాను.

“నా చేతులు చూపించాను. చేతులు అందరికీ ఉంటాయన్నారు.”

జాలీల కాగితం అందించాను. మూలనున్న అంకె చదివి, “కూర్చుని చేసుకుంటానండీ. ఓ స్టూలు ఇప్పిస్తారా?” అన్నాడు.

నలభై ఏళ్లలో అతను నన్ను అడిగినవి ఆ రెండే. స్టూలు ఇప్పించాను. అది చవక.