గొడుగు కాడ దువ్వెన

ఆదెయ్యకి మెడ తిరగదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి, బరువేసిన బండి మలుపు తిరిగినట్టు. పొదిలి నుంచి కనిగిరి పోయే దారిలో రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే వచ్చే ఆ ఊళ్లో ఇదేమంత వింత కాదు. బోర్లలో పడేవన్నీ ఫ్లోరైడు నీళ్లు. పిల్లలకి పళ్లు గారపడతాయి. నలభై దాటేసరికి పెద్దవాళ్లకి నడుములూ మోకాళ్లూ బిగుసుకుపోతాయి. అందుకే ఆ ఊరికి పిల్లనివ్వాలంటే బయటివాళ్లు వెనకాడతారు. ఆదెయ్యకి ఇరవై ఆరేళ్లప్పుడు ఒక సంబంధం దగ్గర దాకా వచ్చింది. పిల్ల తండ్రి వీళ్లింట్లో నీళ్లు ఒక గుక్క తాగి చూసి, "బాగానే ఉన్నాయిగా" అన్నాడు కూడా. ఇంటికెళ్లి మళ్లీ కబురు పెట్టలేదు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. రెండువేల మూడులో, ఈ సంగతులు జరిగేనాటికి, ఆదెయ్యకి యాభై ఏళ్లు. తల్లి పోయి ఎనిమిదేళ్లు. బడిగోడ పక్కన సైకిల్ కొట్టు, కొట్టు వెనక గది, అంతే అతని లోకం.

సైకిళ్లు తగ్గిపోతున్న రోజులవి. పొద్దున రెండు పంక్చర్లు, సాయంత్రం ఒకటి. మిగతా పొద్దంతా చేతులు ఖాళీ. ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. నడుం వంగక కింద పడ్డ నట్టు తీసుకోలేకపోతున్నానని, ఒక కర్రకి ఒక చివర బ్రేకు పిడి బిగించి, రెండో చివర తగరపు ముక్కు పెట్టి, మధ్యలో బ్రేకు తీగె లాగాడు. పిడి నొక్కితే ముక్కు మూసుకుని నట్టుని పట్టుకుంటుంది. తలుపు వెనక నిలబడి వీధి కనపడేలా అద్దం అమర్చుకున్నాడు. చెంబు ఎత్తకుండా నీళ్లు వంచుకునే పీట చేసుకున్నాడు. ఏదైనా ఒకటి కుదరక కుదరక, నాలుగు రోజులు విసిగించి, చివరికి కుదిరినప్పుడు అతనికి ఛాతీలో ఏదో వచ్చి దాని చోట అది కూర్చున్నట్టుండేది. ఆ క్షణాన తలెత్తి, "చూశావా" అనబోయేవాడు. ఎదురుగా బడిగోడ ఉండేది.

మాఘమాసంలో ఒకరోజు వెంకటరావమ్మ పిడి ఊడిన బకెట్టు పట్టుకుని కొట్టుకొచ్చింది. ఆమె ఆ ఊరి రైతు పానకాలుకి అక్క. మొగుడు పోయాక పుట్టినూరు చేరి తమ్ముడింట్లో ఉంటోంది. చిన్నప్పుడు బళ్లో ఆదెయ్యకంటే ఒక తరగతి పైన చదివింది. అందుకే అతనికి అక్క. ఆదెయ్య పిడికి కొత్త తీగె చుడుతుంటే ఆమె నట్లు తీసే ఆ పట్టుకర్రని అటూ ఇటూ తిప్పి చూసింది. నేల మీద రబ్బరు ముక్కని దాంతో పైకి తీసింది.

"నువ్వే చేశావా?"

"ఆఁ."

"ఎవురు చెప్పారు నీకు?"

"ఎవురు చెప్తారక్కా? నడుం చెప్పింది."

ఆమె నవ్వలేదు. కర్రని గోడకి ఆనించి అంది: "నా చెయ్యి భుజం దాటి పైకి లేవట్లా ఆదెయ్యా. తల దువ్వుకోలేకపోతన్నా. ఆదివారం ఆదివారం మా మరదలు దువ్వుద్ది. దానికీ పొలం పని, ఇంటి పని. విసుక్కుంటది. జుట్టు తీసేయించుకో అంటంది."

పిడి బిగించి ఇచ్చేటప్పుడు ఆదెయ్య అడిగాడు: "చెయ్యి ఎందాకా లేస్తదో ఒకసారి చూపించక్కా."

ఆమె ఎత్తి చూపింది. మోచెయ్యి పక్కకి వచ్చి అక్కడ ఆగిపోయింది. తన చెయ్యి కూడా సరిగ్గా అక్కడే ఆగుతుంది. అంటే కొలతకి వేరే మనిషితో పనిలేదు.

ఆ మర్నాటి నుంచి ఆదెయ్య ఇంకో పని ముట్టుకోలేదు. ముందు వెదురుకి దువ్వెన కట్టాడు. తేలిగ్గానే ఉంది గానీ చిక్కు తగలగానే దువ్వెన పక్కకి తిరిగిపోయింది. ఇనప చువ్వ వేస్తే బరువుకి మణికట్టు నొప్పెట్టింది. చివరికి పాత గొడుగు కాడ దొరికింది. సన్న గొట్టం, తేలిక. కానీ వంచితే నొక్కుకుపోయింది. రెండో గొడుగు అడిగి తెచ్చుకుని, గొట్టంలో సన్న ఇసుక కూరి, రెండు చివరలా బిరడాలు బిగించి, సెగ చూపిస్తూ మెల్లగా వంచాడు. ఈసారి నొక్కు పడకుండా కొడవలిలా తిరిగింది. దువ్వెన ఎటు కావాలంటే అటు వాలేలా చివర చేత్తోనే తిప్పి బిగించే చెవుల నట్టు ఒకటి పెట్టాడు.

ఇక పరీక్ష చూడాలి. అతని నెత్తి మీద దువ్వడానికేమీ లేదు. పొదిలి సంతకి పోయి మూరెడు సవరం కొని, తలకి తువ్వాలు చుట్టి, దానికి సవరం కుట్టుకుని కొట్టు ముందు కూర్చుని దువ్వుకున్నాడు. ఆ దారిన పోతున్న వెంకయ్య సైకిలాపి, కాలు కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏరా ఆదెయ్యా, భాగోతంలో వేషం కట్టావా?"

"పనిమీదున్నా. పోరా."

దువ్వెన పళ్లు పాపిట దగ్గర నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా జారాయి. అతనికి ఛాతీలో మళ్లీ అదే, దాని చోట అది కూర్చున్నట్టు. ఆ సాయంత్రమే కాగితంలో చుట్టి పానకాలు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాడు. వెంకటరావమ్మ అరుగు మీద కూర్చుని అందరి ముందే దువ్వుకుంది. జుట్టంతా ముందుకి లాక్కుని భుజం మీదే జడ అల్లుకుంది. పానకాలు పెళ్లాం మొహం వెలిగిపోయింది. "బతికించావు అన్నయ్యా" అంది.

రెండు నెలలు గడిచాయి. మిరపకాయలు కల్లాల్లో ఆరి, టిక్కీ బస్తాలకెత్తి, గుంటూరు యార్డుకి వెళ్లిపోయాయి. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం వెంకటరావమ్మ ఏ పనీ లేకుండా కొట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. నున్నగా దువ్విన తల, చక్కటి జడ. ఆదెయ్య ముందు ఆ జడనే చూశాడు.

"బాగా వస్తందా అక్కా?"

"వస్తంది. చిక్కే ఉండట్లా." ఆమె గోడకి చెయ్యి ఆనించుకుంది. "నీతో ఒక మాట చెప్పాలని వచ్చా. ఏవనుకోమాకు."

"చెప్పు."

"మా మరదలు తిట్టుకుంటానే దువ్వేది. ఆ దువ్వేటప్పుడే ఏదో ఒకటి చెప్పేది. కోతలకాడ ఎవురేవన్నారో, వాళ్ల పుట్టింటోళ్లు ఏం పంపారో. ఇప్పుడు నీ దువ్వెన నీకుందిగా అని దాని పని అది చూసుకుంటంది. తప్పు దానిది కాదు. ఇంక నా దగ్గర కూర్చోడానికి దానికి పనేవుంది?" జడ చివర వేళ్లకి చుట్టుకుంది. "వారానికి ఒక గంట నా తల మీద ఒక మనిషి చెయ్యుండేది, ఆదెయ్యా. అంతే."

ఆదెయ్య టైరు తీసే ఇనుము పక్కన పెట్టాడు.

"నాకట్టా తట్టలేదక్కా."

"నీకెట్టా తడద్ది? అడిగింది నేనేగా."

"పోనీ చెడిపోయిందని చెప్పు. ఇటియ్యి, పక్కన పడేస్తా."

"శుభ్రంగా పనిచేసేదాన్ని చెడిపోయిందంటే నీ చేతికి మాట రాదూ?" అంది. "ఉండనియ్యి. నాకు ఊరికే చెప్పాలనిపించింది."

ఎక్కువసేపు నిలబడలేక ఆమె వెళ్లిపోయింది. ఆదెయ్య ఆ రోజు మరి పని చెయ్యలేదు. పట్టుకర్ర లేని రోజుల్లో నట్టు పడితే దారిన పోయేవాణ్ని కేకేసేవాడు. వాడు వచ్చి, వంగి తీసిచ్చి, అలాగే గొంతుక్కూర్చుని బీడీ వెలిగించేవాడు. వానల గురించో వరసకయ్యే వాళ్ల తగాదా గురించో చెప్పి పోయేవాడు. వాళ్లంతా రావడం ఎప్పుడు మానేశారో అతను గమనించుకోలేదు. అన్నీ తనే చేసుకోగలుగుతున్నానని సంబరపడుతూ ఉన్నాడు.

పాతవన్నీ విరగ్గొట్టాలని మాత్రం అతనికి అనిపించలేదు. రెండు రోజులు ఆలోచించి, పనికిరాని సైకిల్ ఫ్రేములు రెండు కోసి, నాలుగు కాళ్లేసి ఒక ఎత్తు పీట చెయ్యడం మొదలుపెట్టాడు. ఆమె మోకాళ్లు పూర్తిగా వంగవు కాబట్టి సగం నిలబడి సగం ఆనుకున్నట్టు ఉండాలి. లేచేటప్పుడు ఊతానికి రెండు వైపులా హ్యాండిలు పిడులు పెట్టాడు. కూర్చునే చెక్క మీద పాత ట్యూబులు పరిచి గోతాం కుట్టాడు. కొట్టు ముందు వేపచెట్టు నీడ పడే చోట పెట్టాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆదివారం పొద్దెక్కాక ఆమె బడి పక్కనుంచి పోతూ దాన్ని చూసి ఆగింది.

"ఇదేంది?"

"కూర్చుని చూడు."

ఆనుకుంది. సరిపోయింది. ఆదెయ్య ఒక వెనక చక్రం చట్రానికి తగిలించి బెండు తీస్తున్నాడు. చక్రం తిప్పడం, ఎక్కడ ఊగుతోందో చూడడం, అక్కడ స్పోకు పుల్ల ఒక చుట్టు బిగించడం. ఆమె ఆ చక్రాన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "ఇంకా ఆ పక్కకి పోతంది" అంది. నిజానికి ఆమె రాకముందే చక్రం తిన్నగా అయింది. ఆమె రావడం చూసి అతనే ఒక పుల్ల వదులు చేశాడు. "అవునక్కా, పోతంది" అన్నాడు.

అలా ఏడు ఆదివారాలు వచ్చింది. మాట్లాడుకున్నది తక్కువే. బళ్లో ఆమెకి తొమ్మిదో ఎక్కం వచ్చేది కాదని, ఆదెయ్య మొదట బిగించిన చక్రం ఊరి చివర్నే ఊడిపోయిందని, అలాంటివే.

తొలకరికి ముందు పానకాలుకి గుంటూరులో మిరప కోల్డ్‌స్టోరేజీలో పని దొరికింది. అక్కడ మంచి నీళ్లు, పిల్లలకి మంచి బడి. వద్దనడానికేముంది. సామాను ట్రాక్టరుకెక్కించిన రోజు వెంకటరావమ్మ కొట్టు దాకా వచ్చి, పీట మీద కూర్చోకుండా, పక్కన నిలబడి, "పోయొస్తా ఆదెయ్యా" అంది. అతను మొత్తం తిరిగి, ట్రాక్టరు మలుపు దాటేదాకా చూశాడు.

తర్వాత నాలుగు ఆదివారాలు కొట్టు తెరవలేదు. అయిదో ఆదివారం తెరిచాడు. పక్క ఊరి నుంచి సైదా అనే గొర్రెల కాపరి చేతికర్ర ఊతంతో వచ్చాడు. గొర్రెల్ని కొడుక్కి అప్పగించి రెండేళ్లయింది. అరవై దాటిన మనిషి, రెండు కాళ్లూ బిగుసుకుపోయి ఉన్నాయి. నీడ కోసం ఆగి, పీట మీద ఆనుకోబోయి, అందక జారాడు.

"పొడుగోళ్లకి చేసినట్టున్నావే ఇది."

"పొడుగు మనిషికే చేశా," అన్నాడు ఆదెయ్య. పీట వంక చూస్తూ నిలబడ్డాడు. ఒక కాలి మీద వేలితో గీత గీశాడు, మళ్లీ చెరిపేశాడు. "నీకెంత తగ్గాలి?"

"జానెడు తగ్గితే చాలు. ఇప్పుడేం తొందర?"

"నీకు పనేమన్నా ఉందా?"

"నాకేం పని. గొర్లు కూడా లేవాయె."

"అయితే ఇక్కడే ఉండు," అని ఆదెయ్య పీటని పక్కకి పడుకోబెట్టి, ఇనుము కోసే యాక్సా బ్లేడు తీసుకుని మొదటి కాలు కొయ్యడం మొదలుపెట్టాడు.