మిగతా నలభై నాలుగు నిమిషాలు

పదిహేడేళ్ళుగా ఏడో తరగతికి చరిత్ర చెబుతున్నాను. నా నోరు మంచిది కాదని పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ, మా పెద్ద మేడమూ అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. కిందటేడాది ఒక ప్రాజెక్టు ఇచ్చాను. మన ఊరి చరిత్రలోంచి ఒక మనిషిని ఎంచుకోవాలి. ఫోటోలు, పటాలు, తెలిసినవాళ్ళ గొంతులు కలిపి మూడు నిమిషాల వీడియో చెయ్యాలి. ఇంటర్నెట్‌లో దొరికింది దొరికినట్టు అతికించుకొస్తారని తెలుసు కాబట్టి క్లాసు బోర్డు మీద ఒక మూల మూడు ప్రశ్నలు రాశాను. ఈ మాట ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఏది వదిలేశారు, ఎందుకు? వీడియో చివర మూడింటికీ జవాబు ఉండాలి. లేకపోతే సగం మార్కులు కోసేస్తానన్నాను.

ముప్పై ఎనిమిది మందిలో ముప్పై మంది మా ఊరి వంతెన కట్టించిన ఇంజనీరునే ఎంచుకున్నారు. ఆయన విగ్రహం బడికి ఎదురుగానే ఉంది, కాళ్ళు నొప్పి పుట్టేంత నడక కూడా అక్కర్లేదు. ముప్పై వీడియోల్లోనూ ఒకే ఫోటో, ఒకే పుట్టినతేదీ. ఆ తేదీ కూడా తప్పే.

ముప్పై ఒకటోది పిచ్చుకది. పిచ్చుక అంటే మూడో బెంచీలో కూర్చునే బక్క పిల్ల, క్లాసంతా అలాగే పిలుస్తారు. అదీ ఇంజనీరు గురించేనంది. "నువ్వు కూడానా తల్లీ!" అన్నాను.

"మా నానమ్మ ఆయన్ని చూసింది సార్. వంతెన కట్టేటప్పుడు కంకర మోసింది."

నా కోపం దిగిపోయింది. బడి ట్యాబ్ ఒకటి ఇచ్చి, రెండు రోజులు ఇంటికి తీసుకెళ్ళమన్నాను. మూడో రోజు పొద్దున్నే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది. నానమ్మ చేత నలభై ఏడు నిమిషాలు మాట్లాడించుకొచ్చింది.

విరామం గంటలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నానమ్మ గొంతు సన్నగా ఉంది కానీ తడబాటు లేదు. వానలో తడుస్తున్న కూలిపిల్లకి ఇంజనీరు తన టోపీ తీసి ఇచ్చాడట. అది మొదటి మూడు నిమిషాలు. ఆ తర్వాత, ఒక సాయంత్రం పునాది గోతి గట్టు విరిగిపడింది. లోపల ఆరుగురున్నారు. వరద వచ్చేలోపు పని అయిపోవాలని మర్నాడు తెల్లారేసరికి అందులోనే కాంక్రీటు పోయించాడు. ఆరుగురూ పని వదిలేసి పారిపోయారని రిజిస్టరులో రాయించాడు. "టోపీ ఇచ్చినాయనే ఇదీ చేశాడు. రెండూ నేను చూశాను. వాళ్ళ పేర్లు చెప్తాను, రాసుకో అమ్మలూ," అంది ముసలావిడ.

అక్కడ ఇయర్‌ఫోన్స్ తీసేశాను.

ఈ వీడియోలన్నీ జిల్లా పోటీకి వెళ్తాయి. ఆ పోటీకి న్యాయనిర్ణేత వంతెనల శాఖ పెద్ద అధికారి. ఆ శాఖవాళ్ళే మా బడికి ట్యాబులిచ్చారు. పెద్ద మేడమ్ మొహం కళ్ళముందు కనబడింది. నేను భయపడ్డాను. ఇప్పుడు ఇంతకంటే మర్యాదైన మాట వెతుక్కోను.

పిచ్చుకని పిలిచి, "మూడు నిమిషాలన్నాను. నలభై ఏడు తెచ్చావు. రూలు రూలే," అన్నాను.

"ఏది ఉంచమంటారు సార్?"

"టోపీ సంగతి ఉంచు. బాగుంది. మిగతాది తీసెయ్, ట్యాబ్ నిండిపోయింది, వేరేవాళ్ళకి జాగా కావాలి."

"తీసేసింది ఇంకెక్కడైనా దాచుకోవచ్చా సార్?"

"ఎందుకూ? మళ్ళీ కావాలంటే మళ్ళీ అడుగు. మీ నానమ్మ ఎక్కడికీ పోదుగా."

అది నా ఎదురుగానే తీసేసింది. నిజంగా తీసెయ్యాలా అని ట్యాబ్ రెండుసార్లు అడిగింది. పిల్ల రెండుసార్లూ నా వైపు చూసింది, నేను రెండుసార్లూ తలూపాను. మూడో ప్రశ్నకి ఏం రాయాలని అడిగితే, "సమయం చాలక కొంత వదిలేశాం" అని నేనే చెప్పి రాయించాను.

మొదటి బహుమతి వచ్చింది. టోపీ కథ దగ్గర అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. పదిహేను రోజులకి నానమ్మ నిద్రలోనే పోయింది.

బహుమతి వీడియోలని బడి హాల్లో తల్లిదండ్రులకి చూపించారు. మర్నాడు ఒక పెద్దాయన వచ్చాడు. మార్కెట్ వెనకాల తాళాలు బాగుచేస్తాడు, మా స్టాఫ్ రూమ్ బీరువా తాళం కూడా ఒకసారి ఆయనే తెరిచాడు. ఆ రోజు మాత్రం గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ వీడియోలో పెద్దావిడ ఇంకేమైనా చెప్పిందా? పేర్లేమైనా?"

"ఎవరి పేర్లు?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా గొంతు నాకే వినిపించింది.

"మా నాన్న ఆ వంతెన పనికి వెళ్ళాడండీ. నాకప్పుడు ఐదేళ్ళు. మళ్ళీ రాలేదు. పారిపోయాడని కాగితం మీద ఉంది. ఇంకో ఆడదానితో పోయాడని వీధి వీధంతా అన్నారు. మా అమ్మ నలభై ఏళ్ళు ఆ మాట మోసింది. ఆయన ఫోటో కూడా పొయ్యిలో వేసేసింది. ఆయన పోయాడా, పారిపోయాడా, అది తెలిస్తే చాలు మాస్టారూ. ఇంకేం అడగను."

పిచ్చుకని పిలిపించాను. పిల్ల కళ్ళు మూసుకుని నానమ్మ చెప్పిన వరసలో చెప్పుకుంటూ పోయింది. ఒక పేరు, రెండు, మూడు, నాలుగు. ఆగింది. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మళ్ళీ నాలుగు దగ్గరే ఆగింది. ఆ నాలుగింటిలో ఆయన నాన్న పేరు లేదు.

"ఆరుగురని చెప్పింది తాతా. మిగతా ఇద్దరూ... అప్పుడు నేను బొమ్మ సరిగ్గా వస్తోందా లేదా అని చూసుకుంటున్నాను. తర్వాత వినొచ్చు కదా అనుకున్నాను." ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"మా నాన్న పేరు చెప్తాను తల్లీ. వింటే గుర్తొస్తుందేమో." చెప్పాడు.

పిచ్చుక చాలాసేపు ఆలోచించింది. ఔననడానికి దాని పెదవి కదలడం నేను చూశాను. ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి అరవై ఏళ్ళ బరువు దింపుకుని వెళ్ళిపోతాడు. అనమని నేను లోలోపల బతిమాలాను కూడా.

"తెలీదు తాతా," అంది.

ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. పిచ్చుక వెళ్ళి చెయ్యి పట్టుకుంది. నేను కదల్లేకపోయాను. ట్యాబ్ బాగుచేసేవాడి దగ్గరికి ఆ సాయంత్రమే పరిగెత్తాను. చెరిపిన చోట వేరే పిల్లలు పదకొండు వీడియోలు తీశారనీ, ఇంకేమీ రాదనీ చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

వారం తర్వాత పిచ్చుక ట్యాబ్ తెచ్చి క్లాసులో నా బల్ల మీద పెట్టింది. "చివర మార్చాను సార్. సరిగ్గా ఉందో లేదో చూడండి."

టోపీ కథ అయిపోయాక నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. చెప్పింది: మా నానమ్మ. ఎలా తెలుసు: అక్కడ కంకర మోసింది. వదిలేసింది: నలభై నాలుగు నిమిషాలు, ఆరుగురు మనుషులు. తీసెయ్యమన్నది మా చరిత్ర సార్. తీసింది నేను. కింద ఆరు గీతలు. నాలుగింటి మీద పేర్లున్నాయి.

మార్కుల కోసం ఎర్ర పెన్ను తీశాను. దేని మీద పెట్టాలో తెలియలేదు.

"ఐదో గీత మీద తాత వాళ్ళ నాన్న పేరు రాద్దామనుకున్నాను సార్," అంది పిచ్చుక. "రెండుసార్లు రాసి తుడిచేశాను."

"ఎందుకు తుడిచావు?"

బోర్డు వైపు చూపించింది. నెల్లాళ్ళుగా ఎవరూ చెరపని నా మూడు ప్రశ్నలూ అక్కడే ఉన్నాయి.

"మనకెలా తెలుసని మీరు అడుగుతారు కదా సార్."