మెట్లమీది జపమాల

శరత్కాలము ప్రవేశించెను. నాలుగు మాసములు నల్లరేగడి నేలలను నానబెట్టిన మేఘములు తమ భారమును దింపుకొని తెల్లని దూదిపింజలై ఆకసమున మెల్లమెల్లగా సాగిపోవుచుండెను. మోకాలెత్తు పెరిగిన మిరపచేలపై సాయంకాలసూర్యుని అరుణకాంతి పరచుకొనియుండ, పొలములనుండి మరలి వచ్చు పశువుల గిట్టల ధూళి బండ్లబాటపై బంగారుపొగయై నిలిచియుండ, గుమ్మళ్ళపాడు గ్రామమున గుట్టమీది దేవాలయపు గంట గంభీరనాదముతో ముమ్మారు మ్రోగెను.

ఆ గంట విన్నంతనే గ్రామమంతయు జపమాల చేతబట్టుకొనుట తాతలనాటి యాచారము. అయితే ఆ జపము రెండు తావుల జరుగుచుండెను. పెద్దవీధి రైతు కుటుంబములవారు గుట్టయెక్కి దేవాలయమున దేవమాత స్వరూపమునెదుట మోకరిల్లుదురు. ఊరివెలుపల దిగువనున్న పల్లె యను వాడలోని కూలివారు తమ పూరిపాకలో తాటాకు చాపలపై గూర్చుందురు. ఇరుతెగలవారికి జ్ఞానస్నానమిచ్చి క్రైస్తవులను జేసిన గురువొక్కడే. ఇరుతెగలవారు వేడుకొను తల్లియు నొక్కతెయే. కులభేదము మాత్రము ఆ జ్ఞానస్నానజలమున కరగక అట్లే మిగిలిపోయెను. ఆదివారపు దివ్యపూజకు పల్లెవారు గుడిలోనికి వచ్చినను మూడవ స్తంభమును దాటి ముందునకు రాకూడదు. తుదకు సమాధులతోటను సైతము ఒక రాళ్ళవరుస నడుమ నిలిచి రెండుగా జీల్చియుండెను.

ఆ ప్రాంతపు గుడులన్నిటిని జూచు విచారణ గురువు పదునాలుగు మైళ్ళ దూరమున నుండి పక్షమునకొకమారు మాత్రము వచ్చుచుండుటచే గ్రామమున పిల్లలకు జపములు నేర్పు భారమంతయు అరుళమ్మ యను వృద్ధురాలిపై నుండెను. ఆమె పల్లెలో బుట్టినది. ఉపదేశిగా నుండిన భర్త మరణించినపిదప ఆ పనిని తాను జేపట్టి, గుట్టక్రింద గుడివారిచ్చిన గుడిసెలో నుండి, ముప్పది సంవత్సరములనుండి నిర్వహించుచున్నది. ఉదయమున గుడి వసారాలో పెద్దవీధి పిల్లలకును మధ్యాహ్నమున పూరిపాకలో పల్లె పిల్లలకును ఒకే పాఠమును దినమునకు రెండుమారులు చెప్పుచుండెను. ఇది వింతయని ఆమెకు ఎన్నడును దోపలేదు. అలవాటు అన్యాయమునకు సైతము ఆచారమను పేరుపెట్టి కన్నులు మూయగలదు.

ఆ సంవత్సరము భాద్రపదమాసమున విషజ్వరము గ్రామమును జుట్టుకొనెను. ఒకే వారమున పెద్దవీధిలో రోసమ్మ యను ఏడేండ్ల బాలికయు పల్లెలో దావీదు అను ఎనిమిదేండ్ల బాలుడును మరణించిరి. ఆమెను రాళ్ళవరుసకు ఈవలను వానిని ఆవలను పూడ్చిపెట్టిరి. కొన్నాళ్ళకు ఒక యుదయమున గుడి వసారాలో పాఠము నడుచుచుండగా ఫిలోమినమ్మ యను పదునొకండేండ్ల బాలిక లేచి నిలువబడెను. ఆమె తండ్రి ఇన్నాసిరెడ్డి గ్రామమున పెద్దరైతు, దేవాలయమునకు పెద్ద. గుడి తాళపుచెవి యెల్లవేళల ఆయన మొలత్రాటనే వ్రేలాడుచుండును గాని, ఆ గుడికి తాళము వేయుట మాత్రము అరుదు.

"అవ్వా, రోసమ్మా దావీదూ మోక్షంలో కూడా రాళ్ళకి ఇటొకరూ అటొకరూ కూర్చుంటారా?" అని ఆ బాలిక యడిగెను.

మోక్షమున అట్టి భేదము లేదని చెప్పుటకై అరుళమ్మ నోరు తెరచెను. చెప్పినచో మరి ఇచ్చట నెందుకున్నదను రెండవ ప్రశ్న వెంటనే వచ్చునని గ్రహించి మూసికొనెను. ముప్పది సంవత్సరములలో మొట్టమొదటిసారి ఆమె పాఠమును నడుమ నాపి పిల్లలను ఇండ్లకు బంపివేసెను. ఎండ చల్లబడినంతనే చేతికర్ర పుచ్చుకొని పల్లెకు బోయి పాకముందర నాడుకొనుచున్న పిల్లలను బిలిచెను.

"రేపటినుంచి అక్టోబరు నెల, దేవమాత నెల. సాయంత్రం గంట కొట్టగానే అందరూ గుట్టమీదికి రండి. పెద్దవీధి పిల్లలూ వస్తారు. అందరం కలిసే జపమాల చెబుదాం."

చనిపోయిన దావీదునకు అక్కయగు కన్నికమ్మ, పదేండ్ల పిల్ల, నమ్మలేక కన్నులు పెద్దవి చేసి "మేమా? లోపలికా?" అనెను.

"లోపలికే. స్తంభాలు దాటి, ఆ తల్లి ముందరికే."

మరునాటి సాయంకాలము ముప్పదియేడుగురు పిల్లలు దేవాలయమున జేరిరి. పెద్దవీధి పెద్దలు, గుడిపెద్ద ఊర లేనందున, అడ్డుచెప్ప సాహసింపక వెనుక స్తంభములయొద్దనే మోకరిల్లిరి. మొదట వారు అలవాటు చొప్పున రెండు గుంపులై కూర్చుండిరి. అరుళమ్మ వారి నడుమ జొచ్చి ఒక్కొక్కరిని జేయిపట్టి లేపి ఎడమవారిని కుడివారిని గలిపి కూర్చుండబెట్టెను. పెద్దవీధి పిల్లలచేత గాజుపూసల జపమాలలును పల్లె పిల్లలచేత కుంకుడుగింజలను నారతో గ్రుచ్చిన జపమాలలును ఉండెను. ఏదియు లేనివారు వ్రేళ్ళ కణుపులపై లెక్కించుకొనిరి. జపమాలయందు ఒకరు మంగళవార్త జపము మొదటి సగమును చెప్పగా తక్కినవారెల్లరు కడపటి సగమును బలికి పూర్తిచేయుదురు. ఒక పదిపూసలను ఫిలోమినమ్మ నడిపెను. తరువాతి పదింటిని కన్నికమ్మ నడిపెను. గుడిలో గొంతెత్తి జపము చెప్పుట పల్లెపిల్లకు అదియే మొదలగుటచే ఆమె స్వరము తొలుత వణకెను. మూడవ పూసకు స్థిరపడెను. ఐదవ పూసకు పైకప్పుక్రింద గువ్వలు లేచి యెగిరెను. చిన్నపిల్లలు నిద్రతూగుచు ప్రక్కనెవరున్నది చూడక వారి భుజములమీదనే తలలు వాల్చిరి.

రెండు సాయంకాలములు ఇట్లు గడచెను. పొరుగూరికి పనిమీద బోయియుండిన ఇన్నాసిరెడ్డి మూడవనాడు మరలి వచ్చి గుడిగుమ్మమున నిలిచి ఆ దృశ్యమును జూచెను. ఆయన దుష్టుడుగాడు. నలువది సంవత్సరములుగా ఒక్క సాయంకాలమైన జపము తప్పనివాడు. కరవునాట పల్లెకు జొన్నలు పంచినవాడు. ఎవరి స్థానమున వారుండుటయే దేవుని యేర్పాటని నిష్కపటముగా నమ్మినవాడు. అట్టివాని కోపము దుష్టుని కోపముకన్న కఠినముగా నుండును.

"అరుళమ్మా, ఎవరినడిగి కూర్చోబెట్టావు వీళ్ళని?"

"అడగాల్సినావిడ ఎదుటే కూర్చోబెట్టానయ్యా" అని ఆమె దేవమాత స్వరూపమువైపు జేయి జూపెను.

"మా తాతలు కట్టించిన గుడి ఇది!"

"మా తాతలు రాళ్ళు మోసిన గుడి కూడానయ్యా."

"ఫాదరుగారికి ఇవాళే ఉత్తరం రాస్తాను. నీకు పనీ ఉండదు, గుడిసే ఉండదు."

"రాయండి. ముప్పయ్యేళ్ళు పిల్లల్ని విడదీసి పాఠం చెప్పిన తప్పు నాదేనని నేనూ రాస్తాను."

పిల్లలందరిని వెడలగొట్టి ఇన్నాసిరెడ్డి తలుపులు మూసి తాళము వేసెను. మరునాడు గంట మ్రోగినంతనే పిల్లలు గుట్టయెక్కి వచ్చి తాళమును జూచిరి. ఒకరిమొగమొకరు చూచుకొనిరి. పిదప ఎవరును జెప్పకయే ఆ రాతిమెట్లమీద వరుసగా గూర్చుండి జపమాలను తీసిరి.

గుడిపెద్దకు ఇది తాళముకన్న పెద్ద యవమానముగా దోచెను. ఆ రాత్రి గడచి తెల్లవారినంతనే ఆయన పెద్దవీధిలో ఇంటింటికి బోయి సాయంకాలము పిల్లలను గడపదాటనీయవలదని మాటతీసికొనెను. పల్లెకు మనుష్యునిబంపి ఎవరి పిల్ల గుట్టయెక్కునో వారిని మిరపచేలలో కలుపు పనికి రానీయనని చెప్పించెను. కూలియే కూడైన పల్లెవారు భయపడి పిల్లలను గుడిసెలలోనికి లాగికొనిరి. తన కూతును మేడగదిలో నుంచి వెలుపల గడియవేయుమని ఇన్నాసిరెడ్డి భార్యయగు థెరేసమ్మకు ఆజ్ఞాపించెను. ఆమె గడియ వేసెను. ఆ సాయంకాలము గుట్టమీద గంటకొట్టి మెట్లపై గూర్చుండినది అరుళమ్మ యొక్కతెయే.

అయితే మేడగదికి పల్లెవైపు తెరచుకొను కిటికీ యొకటియుండెను. గంటమ్రోత చల్లారకమునుపే ఫిలోమినమ్మ ఆ కిటికీ చువ్వలను బట్టుకొని గొంతెత్తి మంగళవార్త జపము మొదటి సగమును జెప్పి నిలిపెను. బదులు రాలేదు. వీధిలో బోవువారు తలలెత్తి చూచిరి. ఆమె మరల జెప్పి మరల నిలిపెను. మూడవమారు ఆమె చెప్పిన మాటలు కప్పులమీదుగా బోయి పల్లెలో నొక గుడిసె తడికను దాకినవి కాబోలు, అచ్చటినుండి కన్నికమ్మ కంఠము కడపటి సగమును బలికెను. నాలుగవమారు పల్లెలో పదికంఠములు పలికినవి. ఐదవమారు పెద్దవీధిలో మూసిన తలుపులవెనుకనుండి, దొడ్లలోనుండి, అరుగులమీదనుండి పిల్లల కంఠములు లేచి వానిలో గలిసినవి. విడివిడిగా బంధింపబడిన ముప్పదియేడుగురును ఒకే జపమును జెప్పుచుండిరి.

ఇన్నాసిరెడ్డి మేడమెట్లు దబదబ యెక్కివచ్చి గడియతీసి "నోరు మూస్తావా లేదా?" అని గర్జించెను.

ఆ బాలిక చువ్వలను వదలలేదు. కన్నులు నీటితో నిండియుండెను గాని గొంతు తడబడలేదు. "నేను సగమే చెబుతున్నాను నాయనా. మిగతా సగం వాళ్ళది. అన్ని నోళ్ళు ఎట్లా మూయిస్తారు?"

ఆయన యెత్తిన చేయి గాలిలోనే నిలిచిపోయెను. వెలుపల గడియ మరల వేసి క్రిందికి దిగిపోయెను. మెట్లమలుపున నిలిచియుండిన థెరేసమ్మ యంతయు వినెను. మరునాటి సాయంకాలము గంటకు ముందు ఆమె తానే వచ్చి మేడగది గడియ తీసెను. "పోమ్మా. మీ నాయన అడిగితే తలుపు తీసింది మా అమ్మేనని చెప్పు" అనెను. పల్లెలో కన్నికమ్మ తల్లి సైతము తడిక తొలగించెను. పని పోవునని ఇరుగుపొరుగువారు హెచ్చరింపగా ఆమె "కొడుకు పోయినదాన్ని. పని కూడా పోతే పోనీ. నా బిడ్డ జపం చెప్పుకుంటానంటే నేనెందుకు కట్టేస్తాను?" అని కూతురి వెంట గుట్టవైపు నడచెను. దానిని జూచి పల్లెలో నొక్కొక్క తడికయు పెద్దవీధిలో నొక్కొక్క తలుపును తెరచుకొనెను.

అది శుక్రవారము. క్రీస్తు శ్రమలలో నొక్కొక్కదానిని పదేసి పూసలకు ధ్యానించు దుఃఖరహస్యముల దినము. పిల్లలు, వారి నడుమ అరుళమ్మయు కన్నికమ్మ తల్లియు, మెట్లనిండ గూర్చుండి జపము మొదలిడబోవునంతలో ఇన్నాసిరెడ్డి గుట్టయెక్కి వచ్చెను. పిల్లలు భయపడిరి గాని లేవలేదు. దారిమాత్రమిచ్చిరి. ఆయన ఎవరివైపును జూడక తాళముతీసి లోనికిబోయి తలుపులు మూసికొనెను. కొంతసేపటికి లోపలనుండి ఆయన కంఠస్వరము వినవచ్చెను. నలువదేండ్ల నియమమును దప్పక ఆయన తన జపమాలను ప్రారంభించెను. మొదటి సగమును జెప్పి అలవాటుచొప్పున బదులుకై నిలిచెను. ఆ విశాలమైన గుడిలో బదులిచ్చువారు లేరు. పెద్దవీధివారెల్లరు పిల్లలవెంట వచ్చి గుట్టక్రింద నిలిచియుండిరి. ఆయన మరల జెప్పెను. మరల నిలిచెను.

వెలుపల పిల్లలు చూపులు గలుపుకొనిరి. "తలుపు మూసింది ఆయనే. మనం పలకొద్దు" అని ఫిలోమినమ్మ పెదవులు బిగించెను.

కన్నికమ్మ తల యడ్డముగా నూపెను. "జపం సగంలో ఆగిపోతే ఎట్లాగే? అది ఆయనది కాదుగా, తల్లిది." అట్లని ఆమె మూసిన తలుపులవైపు దిరిగి కడపటి సగమును స్పష్టముగా బలికెను. తక్షణము తక్కినవారు గొంతులు గలిపిరి. పిమ్మట లోపలి స్వరము రెండవపూసను జెప్పెను. మెట్లు బదులిచ్చినవి. ఇట్లు పదిపూసలును నడచినవి. పదియవది ముగియగానే తలుపులు తెరచుకొనెను.

ఇన్నాసిరెడ్డి గడపలో నిలిచి గొంతు సవరించుకొనెను. "సరే, రండి లోపలికి. పెద్దవీధి పిల్లలు కుడిపక్కన, పల్లె పిల్లలు ఎడమపక్కన. ఒకే గుడిలో, ఒకే వరసలో. స్తంభాల మాట ఎత్తను."

తన తాతతండ్రులలో నెవరును ఇయ్యనిది తానిచ్చుచున్నానని ఆయన హృదయపూర్వకముగా నమ్మెను. అది నిజమే. గుట్టక్రింద నిలిచిన పెద్దలు సంతోషముతో నిట్టూర్చిరి. అరుళమ్మ పిల్లలవైపు జూచెను. ఒక్కరును లేవలేదు.

"మేం రాం నాయనా" అని ఫిలోమినమ్మ కూర్చుండియే పలికెను. "లోపలికొస్తే ఎవరెక్కడ కూర్చోవాలో మీరు చెబుతారు. ఇక్కడ ఎవరూ చెప్పరు. మీరే బయటికి రండి."

ఆయన మొగము ఎర్రబడెను. ఏదియో పలుకబోవునంతలో గుట్టక్రిందినుండి థెరేసమ్మ మెల్లగా మెట్లెక్కి వచ్చెను. భర్తను జూచెను. తెరచిన గుడిని జూచెను. పిదప చీరకుచ్చెళ్ళు సవరించుకొని కన్నికమ్మ తల్లి ప్రక్క ఖాళీగానున్న రాతిపై గూర్చుండి ముసుగు సరిచేసికొని "రెండో రహస్యం ఎవరు చెబుతారమ్మా?" అనెను. కన్నికమ్మ మొదలిడెను.

గురువు వ్రాయవలసిన యుత్తరమింకను రాలేదు. అది అరుళమ్మను నిలుపునో వెడలగొట్టునో ఎవరికిని దెలియదు. మరునాడు పల్లెకు పని యుండునో లేదో అదియు దెలియదు. ఈ యపాయములెరిగియుండియు వారు లేవలేదు. దేవుని ముందర మానవులు గీచిన గీత యెంత పాతదైనను దానిమీద నిలుచుండి పిల్లలు జపము చెప్పుచున్నప్పుడు దానిని మరల గీయుటకు పెద్దల చేతికి ధైర్యము చాలదు. పడమట వెలుగు తగ్గుచుండెను. వెలిగించిన దీపమొకటి ఖాళీగుడిలో నిలిచియుండెను. గడపలో నొక మనుష్యుడు, లోనికి బోలేక వెలికి రాలేక, తన పాదములముందరి మెట్టుమీద తనకై జరిగి చోటిచ్చిన పల్లెపిల్లవానిని జూచుచుండెను.